అడుగున రాసిన సంగతి

ఈ పొద్దున కుర్చీలో కూర్చోగానే కంప్యూటరు నా ముందు పదకొండు పనుల జాబితా పెట్టింది. అన్నిటికన్నా అత్యవసరమైనది, దాని లెక్కలో, వార్షికోత్సవానికి అందరి టీషర్టు కొలతలు పంపడమట. ఆఫీసుకొచ్చే ఈమెయిళ్లన్నీ అదే చదివి, ఏది ఎవరి పనో తేల్చి మా నలుగురికీ పంచిపెట్టే ఏర్పాటు మా కొత్త ఆఫీసరు చేయించి ఏడాది కావస్తోంది, నాకు మాత్రం తల ప్రాణం తోకకొస్తోంది. పెద్ద గొంతుతో అరిచేవాళ్ల పని పైన, మెల్లగా అడిగేవాళ్లది ఎక్కడో అడుగున.

నేను మందమర్రిలో కొలువులో చేరిన కొత్తలో ఈ పంచే పని మా బొగ్గు గని ఆఫీసులోనే హెడ్ క్లర్కుగా ఉన్న మా మేనమామది. మీలో తపాలా సంచి విప్పిన వాళ్లుంటే ఆ జనపనార వాసన ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఆయన ఉత్తరాలన్నీ బల్ల మీద గుమ్మరించి, ఒక్కోదాన్నీ కింది నుంచి చదివేవాడు, పైనుంచి చదివే నన్ను చూసి విసుక్కునేవాడు. "మీదిదంత మర్యాద, బిడ్డా. కష్టం కింద ఉంటది, గదే సూడు." మనవాళ్ల పద్ధతి అదే కదా, క్షేమం అడిగి, పిల్లల చదువులు అడిగి, వానల సంగతి చెప్పి, ఇంకా మొహమాటపడి, సంతకానికి ముందు రెండు ముక్కల్లో అసలు అవసరం రాస్తారు. మా మేనమామ మహా కోపిష్ఠి, కానీ ఆయన బల్ల మీద ఏ కష్టమూ రాత్రి నిద్ర చేయలేదు.

మొన్న వానాకాలంలో గనిలో పనిచేసే ఒకాయన భార్య, కూతురి ఫోన్ నుంచి మెయిలు పెట్టింది. భర్తకు ఆయాసం, భూగర్భంలో పని చేయలేడు, శుక్రవారం మెడికల్ బోర్డు ఉంది, మా ఆఫీసు నుంచి ఆయన సర్వీసు కాగితం పోతేనే బోర్డు చూస్తుంది, గని బయట, నేల మీద పని ఇస్తుంది. ఇదంతా చివరి రెండు వాక్యాల్లో ఉంది. పైన ఉన్న పలకరింపులు చూసి మా యంత్రం దాన్ని 'శుభాకాంక్షలు, చేయవలసిన పని లేదు' అని పక్కన పడేసింది. నేను చూసేసరికి సోమవారం. బోర్డు తేదీ దాటిపోయింది, ఆయన మళ్లీ గనిలోకి దిగాడు.

ఒళ్లు మండి ఆఫీసరును అడిగితే, వాళ్లు సరిగ్గా రాయాలి కదా మేడం అన్నాడు. సిగ్గుతో ఆ సాయంత్రమే వాళ్ల క్వార్టరుకు పోయాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మీరేం జేస్తరక్కా, మాకే రాసుడు రాలే. ఎట్ల రాయాల్నో జర చెప్పుండ్రి." చెప్పాను. క్షేమాలు వద్దు, వానలు వద్దు, కావలసింది మొదటి వాక్యంలోనే రాయమన్నాను.

తర్వాతి బోర్డుకు ముందు ఆమె మెయిలు మా జాబితాలో అన్నిటికన్నా పైన వచ్చింది. కాగితం ఆ పూటే పంపాను. ఆయనకు నేల మీద పని దొరికింది, ఆ రోజు నాకు కడుపు నిండినట్టయింది. కానీ ఆ మెయిలు ఇంకా తుడిచేయలేకపోతున్నాను. పేరు, నంబరు, బోర్డు తేదీ, కావలసిన కాగితం. అక్కా బాగున్నరా అన్న మాట అందులో లేదు. దాన్ని తీసేయమని చెప్పింది నేనే.