గాయపాకు కట్టిన సంగతి

నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. రాసేటప్పుడు నా ముఖం చూడవద్దన్నాను.

నా మొగుడు పదిహేడేళ్లు మిలిటరీలో చేసి వచ్చినవాడు. చక్కెర జబ్బుతో చూపు మందగించింది. చెప్పు కరిచిన పుండు మానక, కడపలో కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ, మిలిటరీలో చేసి వచ్చినవాళ్లు ఆపరేషన్ అయ్యాక ఇంటి దగ్గర ఎట్లా ఉంటున్నారో రాసుకుంటోంది. మూడు వారాలు వారం వారం, రెండు నెలలకు ఆఖరిసారి ఫోన్ చేస్తానంది. కట్టు మార్చే పద్ధతి రాసిన కాగితం నా చేతికిచ్చి, చదువుకోగలరా అని అడిగింది. వార్డు నిండా ఆయనలాంటివాళ్లు, వాళ్ల ఆడవాళ్లు. ఒకామె కళ్లద్దాలు పెట్టుకుని తన కాగితం చదువుకుంటోంది. నేను తల ఊపాను. నాకు రాదని ఆయనకు తెలుసు. ఆయనా నోరు మెదపలేదు.

కమలాపురం వచ్చాక పక్కింట్లో చదివించుకోవచ్చు. మిలిటరీ ఆయన పెండ్లాం అనిపించుకున్నదాన్ని, పోలేదు. కాగితం దేవుని గూట్లో పెట్టాను.

వాళ్లిచ్చిన గుడ్డ అయిపోయింది. పుండు నీరు కారింది. చేలో కొడవలితో చెయ్యి తెగితే మేము గట్టుమీది గాయపాకు నలిపి కట్టేవాళ్లం, రెండు రోజుల్లో మానేది. అదే నూరి కట్టాను. మూడో వారానికి గదిలో వాసన. అప్పుడే ఫోన్ వచ్చింది. జ్వరముందా, చీము ఉందా, ఏం కడుతున్నారు అని అడిగింది. ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి ఆయన వైపు చూశాను.

"బాగుండాదని చెప్పు. పోతే మళ్లా కోస్తారు. రెండు వేళ్లు ఇచ్చినా కదా, ఇంగా ఏం కావాలంట వాళ్లకు?" అన్నాడు మంచం మీద నుంచి.

"బాగుండాడు మ్మా. నువ్వు రాసిచ్చినట్టే కడతాండా," అన్నాను.

మీలాగా చూసుకునేవాళ్లు తక్కువ పెద్దమ్మా అందా పిల్ల. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ పొంగు తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

మరో వారానికి పాదం నల్లబడింది. కడపలో ఆ పిల్లకు ముఖం చూపించలేక, ఈసారి కర్నూలుకు తీసుకుపోయాం. మోకాలి దాకా తీసేశారు. అప్పటికే విషం ఒళ్లంతా పాకింది. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

దినాలు అయ్యాక డాక్టరమ్మ ఆఖరి ఫోన్ చేసింది. పెద్దాయన ఎట్లా ఉన్నారని అడిగింది. జ్వరమొచ్చి పోయాడన్నాను. తన లెక్కలో పుండు మానినవాళ్లలో రాసుకున్నానని, కాలు ఎట్లా ఉండేదని అడిగింది. నేను ఫోన్ పెట్టేశాను.

అన్నం సయించలేదు. నా మాట నమ్మి ఆ పిల్ల ఇంకొకామె చేతిలోనూ కాగితం పెట్టి పంపిస్తుంది. ఆమె కూడా నాలాగే తల ఊపితే? మూడో రోజు నేనే ఫోన్ చేశాను.

"గాయపాకు కట్టినా మ్మా. నీ కాయితం నాకు సదవడం రాదు. అబద్ధం చెప్పినా."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏ రోజు నుంచి కట్టానో, వాసన ఎప్పుడు మొదలైందో నెమ్మదిగా అడిగి రాసుకుంది. ఆఖరుకు అడిగింది, బాగుందని చెప్పమన్నది పెద్దాయనేనా అని.

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాదనడానికి ఆయన లేడు.

"నోరు నాది మ్మా," అన్నాను. "అట్లే రాసుకో."