లొంకలో బుగ్గ

1974 మార్చిలో నన్ను అసిస్టెంట్ జియాలజిస్టుగా జహీరాబాద్ పంపారు. భూగర్భ జలాల సర్వేలో అది కింది నుంచి రెండో మెట్టు. పై అధికారి మ్యాపు మీద వేలు పెట్టిన చోటికి మేం కాళ్లీడ్చుకుంటూ వెళ్లాలి. ఝరాసంగం దాటాక ఎర్రనేల ఒక్కసారిగా తెగి లొంకలోకి దిగుతుంది. రెండు రాతి గోడల మధ్య ఎండిపోయిన వాగును అక్కడ లొంక అంటారు. దాని మొదట్లో, ఒక చిన్న ఊరి బయట డేరా వేసుకున్నాను. పదిహేను రోజుల్లో ఆ ఊరికి బోరు పాయింటు చూపించాలి. పాయింటు అంటే రిగ్గు వచ్చి తవ్వవలసిన చోటు. అక్కడ రాయి పాతి సున్నం పూస్తాం. నేను రెండో రోజునే లొంక పైన, మట్టపు నేల మీద ఒక రాయికి సున్నం పూసి వచ్చాను.

బాట చూపడానికి గొర్ల కాపరి ఈరప్ప, వంటకూ నీళ్లకూ శాంతమ్మ కుదిరారు. ఈరప్పకు యాభై దాటి ఉంటాయి, నాకు ఇరవై ఆరు. నేను తెనాలి వైపు వాణ్ణి. నా మాట తీరు విని శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

మూడో రోజున నాకు అనుమానం మొదలైంది. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే చిన్న మీటరు మా దగ్గర ఉండేది. ఊరి బావి నీళ్లలో పెడితే ముల్లు గబుక్కున లేచింది. డేరాలోని కుండ నీళ్లలో పెడితే కదల్లేదు. ఆ నీళ్లెక్కడివని శాంతమ్మను అడిగాను.

“బాయిల కెల్లే తెచ్చిన సారు” అంది, పొయ్యి వైపు తిరిగి.

మీటరు అబద్ధమాడదు. ఈవిడే ఆడుతోంది. మంచినీళ్లు నాకే పోస్తూ నా దగ్గరే దాచడమేమిటి?

మర్నాడు పొద్దున డేరా వెనక ఇద్దరూ గుసగుసలాడుకోవడం విన్నాను.

“సారుకు బుగ్గ సంగతి తెల్వనియ్యకు” అన్నాడు ఈరప్ప.

“నేనెందుకు జెప్త? ఎండాకాలం గుడ ఆరకుంట ఉన్నది. దిష్టి తాకుతది” అంది శాంతమ్మ.

నాకు తెలిసిన బుగ్గలు రెండు. మా వైపు బుగ్గ అంటే చెంప. జహీరాబాద్ లాడ్జీలో పనివాడు “బుగ్గ మాడిపోయింది సారు, కొత్తది ఏస్త” అన్నప్పుడు ఈ వైపు కరెంటు బల్బును కూడా బుగ్గ అంటారని తెలిసింది. చెంపను ఎవరూ దాచరు కాబట్టి ఇది బల్బే అని తేల్చుకున్నాను. ఊళ్లో నాలుగిళ్లకు మించి కరెంటు లేదు. అలాంటిది లొంకలో ఆరకుండా వెలిగే బల్బు ఎందుకు? సారా బట్టీ నడుపుతున్నారు. ఏదో స్తంభం నుంచి దొంగతీగ లాగి ఉంటారు. బట్టీ కోసం తెచ్చే మంచినీళ్లే నా కుండలోకీ వస్తున్నాయి. అన్నీ భలే అతికాయని మురిసిపోయాను కూడా. ఆబ్కారీ సబ్ ఇన్‌స్పెక్టరుకు ఉత్తరం రాసి, జీపు వస్తే పంపుదామని సంచిలో పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీదే.

ఐదో రోజున రాతి పొరలు కొలవాలన్న వంకతో లొంకలోకి బయల్దేరాను.

“అటు బాట లేదు సారు. పాములుంటయి, పోకుర్రి” అన్నాడు ఈరప్ప.

నిన్న లేని పాములు ఇవాళ వచ్చాయా అని ఎత్తిపొడిచాను. అయినా నా వెనకే వచ్చాడు.

కింద నల్లరాయి, బూటు అడుగు కాలేంత వేడి. దాని మీద తెల్లటి బంకమట్టి పొర. ఆపైన లేటరైటు అనే ఎర్రరాయి, ఒళ్లంతా బెజ్జాలతో రెండు తాటిచెట్లంత ఎత్తున నిలబడి ఉంది. నేను రాయిని చూడటం మానేసి దొంగతీగ కోసం ఆకాశంలోకి చూస్తూ నడిచాను. రెండో మలుపులో కాలు జారి గోడకు చెయ్యి ఆనించాను. చెయ్యి తడిసింది.

తల తిప్పి చూశాను. ఎర్రరాయి అయిపోయి తెల్లమట్టి మొదలయ్యే గీత పొడుగునా నీళ్లు చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి. ఆ మండుటెండలో పదిహేను గజాల గోడ పచ్చటి నాచుతో నిగనిగలాడుతోంది. చుక్కలన్నీ రాతిలో చెక్కిన సన్నటి కాలువలో చేరి తొట్టిలో పడుతున్నాయి. వాననీరు బెజ్జాల రాయిలోంచి దిగి, బంకమట్టిని దాటలేక పక్కకు ఊరుతుందని పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కళ్లారా చూడటం అదే మొదలు. దోసిలి పట్టి తాగాను. ఎన్నాళ్ల కిందటి వానో నా గొంతులో దిగుతోందనుకుంటే ఒళ్లు జలదరించింది. అంత సంతోషం నాకు ఉద్యోగంలో మళ్లీ కలగలేదు. కాసేపు వచ్చిన పని కూడా మరిచిపోయాను.

గుర్తొచ్చాక గొంతు పెంచి, బుగ్గ ఎక్కడ పెట్టారని అడిగాను. ఈరప్ప నన్ను ఎగాదిగా చూశాడు.

“మీరు తాగుతున్నదే బుగ్గ సారు.”

ఆ వైపు ఊటను కూడా బుగ్గే అంటారట. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. నాకూ తొట్టికీ మధ్య వచ్చి నిలబడ్డాడు. తన మేనమామ ఊళ్లోనూ ఇలాంటి బుగ్గ ఉండేదని, దాని పైన బోరు వేసి మోటారు పెడితే నెల తిరక్కుండా ఎండిందని, మరుసటి ఏడు బోరు కూడా ఎండిందని చెప్పాడు. ఇక్కడ బావి నీళ్లు ఉప్పన. ఎండాకాలం మనుషులకూ గొర్లకూ ఇదొక్కటే దిక్కు.

“మీకు బాయి నీళ్లు పడవని శాంతమ్మ గీ నీళ్లు తెచ్చింది. ఇగ మీరు చూస్తిరి. బుగ్గ పోయినట్టే” అన్నాడు.

తలెత్తి పైకి చూశాను. నేను సున్నం పూసిన రాయి సరిగ్గా ఆ గోడ పైనే ఉంది. అక్కడ రిగ్గు దిగితే, ఈ గోడకు ఊరవలసిన నీళ్లన్నీ బోరు లాగేస్తుంది.

అదే రోజు ఆ రాయి పీకేసి, ఊరికి అవతల నల్లరాతి నేలలో కొత్త పాయింటు పెట్టాను. ఆబ్కారీ ఉత్తరం పొయ్యిలో వేశాను. కొత్త చోట నీళ్లు తక్కువే పడ్డాయి, ఒక చేతిపంపుకు సరిపోయాయి. ఎవరి మాట విని మార్చావని మా డిప్యూటీ డైరెక్టరు సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాడు. రాతి పొరల బొమ్మ గీసి జవాబిచ్చాను. ఆయన నమ్మలేదు. పాయింటు మార్చానంటే ఈరప్పా నమ్మలేదు. రిగ్గు ఊరు దాటేదాకా మూడు రోజులు పాత పాయింటు దగ్గరే గొర్లను మేపాడు. అక్కడ గడ్డిపోచ కూడా లేదు.

తర్వాత చాలా జిల్లాల్లో పనిచేశాను. సర్కారు జీపు దిగినవాడు నీళ్లెక్కడున్నాయని అడిగితే ఊరు నిజం చెప్పదు. చెప్పకపోవడం తప్పూ కాదు. అందుకని కొత్త ఊళ్లో నా మొదటి ప్రశ్న మార్చుకున్నాను. బోరు ఎక్కడ వేయకూడదో చెప్పండి అని అడిగేవాణ్ణి. మొదటి రోజు ఎవరూ నోరు విప్పేవారు కాదు. వారం తిరిగేసరికి ఎవరో ఒకరు చేత్తో చూపించేవారు. పాయింటు దానికి దూరంగా పెట్టేవాణ్ణి, ఆ చోటు మాత్రం మ్యాపులోకి ఎక్కించేవాణ్ణి కాదు.