ఖాళీ కుర్చీలో మునివెంకటమ్మ

డెంకణికోట అడవి అంచున మునివెంకటమ్మకు రెండెకరాల రాగిచేను ఉంది. కంకి పాలు పోసుకుంటే చాలు, ఏనుగులు దిగుతాయి. అందుకే ఊళ్లో మంచె కాపలాకు ఇంటికొక వంతు. మనిషి మంచాన పడినా వంతు తప్పదు, ఆ ఇంటి నుంచే మరొకరు ఎక్కాలి. మొగుడు తిమ్మరాయప్పకు కాలు విరిగినప్పుడు, ఆడది మంచె ఎక్కడమేమిటని పెద్దలు నసిగారు. "వంతు మగోనిది కాదప్పా, ఇంటిది" అని వాళ్ల ముఖాన్నే చెప్పి ఎక్కేసింది. ఆ నోరే లేకపోతే ఆమెను ఎప్పుడో మూల కూర్చోబెట్టేవాళ్లు.

ఈ ఏడు వానలకు ఏనుగులను ఆపే కందకం పూడిపోయింది. తిరిగి తవ్వించాలంటే ఎమ్మెల్యే నిధి కావాలి, దానికి ఎమ్మెల్యే సంతకం కావాలి. ఆయనేమో పక్షవాతంతో మాట పడిపోయి బెంగళూరు ఆసుపత్రిలో ఉన్నాడు. చేలో చూస్తే కంకి వచ్చేసింది.

మునివెంకటమ్మకు ఇందులో చిక్కేమీ కనపడలేదు. తిన్నగా హోసూరు పోయి ఎమ్మెల్యే భార్య సుధామణిని అడిగింది.

"మీ ఇంటాయన పడిపోయినాడు. ఆయన వంతుకు మీరు రావల్ల గదమ్మా."

సుధామణి కళ్లొత్తుకుంది. "అట్ల కుదరదమ్మా. ఆయన ఉండంగా ఇంకొకర్ని కూచోబెట్టే రూలే లేదంట."

"రాగిచేనుకు ఉండే రూలు ఇంత పెద్ద ఎమ్మెల్యే తావుకు లేదా?"

ఆవిడను చూస్తే మునివెంకటమ్మకు జాలేసింది. రూలు తలుచుకుంటే మాత్రం ఒళ్లు మండింది.

ఆ వారమే కృష్ణగిరిలో రైతుల సభ జరిగింది. వేదిక మీద ఎమ్మెల్యే కుర్చీ ఖాళీగా ఉంది. మునివెంకటమ్మ కందకం కోసం ఇచ్చిన అర్జీని సభ నడిపే అధికారి చదవకుండానే పక్కన పెట్టాడు.

"ఎమ్మెల్యే రానీమ్మా, చూద్దాం."

"ఎప్పుడొస్తాడు సామీ?"

"నన్నడిగితే నేనేం చెప్పేది?"

మునివెంకటమ్మ కొంగు బిగించి వేదికెక్కి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది.

"లేమ్మా, అది ఎమ్మెల్యేది" అన్నాడు అధికారి.

"మాది. మేమే ఓటేసి ఇచ్చినాం. ఆయప్ప లేచొస్తే నేనే దిగిపోతాను."

పోలీసాయన రెక్క పట్టుకోవడానికి వచ్చాడు.

"పట్టుకోప్పా. నన్ను దించినాక ఈడ ఎవుర్ని కూచోబెడతారో ఈ జనానికి చెప్పి పట్టుకో."

అతను అధికారి వైపు చూశాడు. అధికారి బల్ల వైపు చూశాడు. కింద రైతులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. మునివెంకటమ్మ తన అర్జీ తీసి మళ్లీ అధికారి ముందు పెట్టింది.

"ఇప్పుడు ఎమ్మెల్యే తావులోంచి అడగతా ఉండాను సామీ. కందకం ఎప్పుడు తవ్విస్తారు?"