పసుపు లైటు కింద తాలు కాయలు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా వంటింట్లో పై అరల కింద అతికించిన పసుపు లైటు బరువు. నవ్వు రావచ్చు. నవ్వినా సరే, చివరిదాకా చదవండి.

మా అత్తయ్య కొట్టించిన కారమంటే బంధువులందరికీ ఇష్టం. మిరపకాయల తొడిమలు తీసేటప్పుడే, రంగు పోయి తెల్లబారిన తాలు కాయల్ని ఒక్కటి మిగలకుండా ఏరి పారేసేది. ఇంట్లో ప్రార్థన పెట్టుకున్న రోజు భోజనాల దగ్గర అందరూ ఆమెనే మెచ్చుకునేవారు. కూర వండింది నేను. మా నాన్న నన్ను బడికి పంపకపోయినా ఇంట్లోనే కూర్చోబెట్టి బైబిలు చదవడం నేర్పాడు, ప్రతిదానికీ దేవునికి స్తోత్రం చెప్పమన్నాడు. చెప్పేదాన్ని. ఆ మెప్పు విన్నప్పుడు మాత్రం నోరు పెగిలేది కాదు.

గుంటూరులో కొత్తిల్లు కట్టుకున్నాం. వంటింటి కిటికీకి అడ్డంగా పక్కింటి గోడ. పగలు కూడా లైటు వేయాల్సిందే. లైట్ల షాపుకి నేనొక్కదాన్నే వెళ్లాను. షాపాయన తెల్లదీ పసుపుదీ రెండు లైటు పట్టీలు వెలిగించి చూపించాడు.

"వంటగట్టుకి తెల్లదే తీసుకోండమ్మా. పసుపుది చూడ్డానికి బాగుంటుంది గానీ, దాని కింద మంచి కాయా తాలు కాయా ఒకేలా కనబడతాయి."

పసుపుదే ఇమ్మన్నాను.

అందంగా ఉందనే కొన్నానని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. అందమేనా? కాదు. ఆయన మాట పూర్తికాకముందే నా మనసు దాన్ని పట్టేసుకుంది.

ఆ వేసవిలో అత్తయ్య గట్టు దగ్గర నిలబడి కాయల్ని ఎత్తి, దించి, తిప్పి చూసింది.

"ఈ లైటేంటే అమ్మాయ్, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. అబ్బాయితో చెప్పి తెల్లది పెట్టించవే."

"లైటు బాగానే ఉందత్తయ్యా. నాకు కనబడుతున్నాయిగా. మీ కళ్లే మసకబారినట్టున్నాయి."

"అంతేనంటావా?"

"అంతే."

నాకూ కనబడలేదు.

ఆ ఏడు కారం పాలిపోయి వచ్చింది. "తాలంతా మాకే పంపావా అమ్మా?" అని మా ఆడపడుచు ఎగతాళి చేసింది. అత్తయ్య నవ్వలేదు. ఇక కాయలు నన్నే ఏరమని చేట నా చేతికిచ్చేసింది. కళ్ల డాక్టరు చూసి, వయసుకి చూపు బాగానే ఉందన్నాడు. ఆమె ఆయన్ని నమ్మలేదు. నన్ను నమ్మింది. ఆ తర్వాత సూదిలో దారం కూడా నా చేతే ఎక్కించుకునేది. వాకిట్లో ఎండలో నిలబడి, "ఈ చీర ఎరుపేనా అమ్మాయ్?" అని అడిగేది.

నేను మాత్రం కాయల్ని డాబా మీద ఎండలో ఏరేదాన్ని. ఆమె మోకాళ్లు మెట్లెక్కనివ్వవని తెలుసు. మెప్పు నాకొచ్చింది. దానికీ స్తోత్రం చెప్పాను. ఎవరికి చెప్పినట్టు?

పోయే ముందు, మంచం మీద నుంచే అత్తయ్య ప్రార్థన చేసింది. "ప్రభువా, నా కళ్లు పోయినా నా కోడలి కళ్లు నాకిచ్చావు. నీకు స్తోత్రం." పక్కన మోకరించి నేను ఆమెన్ అన్నాను.

ఆ లైటు ఇంకా వెలుగుతోంది. మార్చమని అడిగే మనిషి లేదు. క్షమాపణ మిమ్మల్ని అడగడం లేదు, అది మీరిచ్చేది కాదు. ఇదొక్కటి రాయనివ్వండి.

అత్తయ్యా, మీ కళ్లు బాగానే ఉన్నాయి.

రాశాక గుండె కాస్త తేలికైంది. అలవాటుగా స్తోత్రం నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.