ఉప్పు వేసిన ఐసు

ఉదయం ఆరుంబావుకి గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాను. ఒళ్లో ఐసు పెట్టె, భుజాన సంచిలో సూదులు, గొట్టాలు.

"చేపలకాండీ?" అన్నాడు ఎదురు సీట్లోని నందివాడ రైతు.

"రక్తానికండీ" అన్నాను. ఆయన కాస్త జరిగి కూర్చున్నాడు.

ఊరుకోబుద్ధి కాక నా పరిశోధన చెప్పుకొచ్చాను. రక్తనాళాల లోపల పలచటి పొర ఉంటుంది. అది బాగుంటేనే రక్తం సాఫీగా సాగుతుంది. మన కణాల్లో ఏ ప్రొటీనూ తయారుచెయ్యని ఆర్.ఎన్.ఏ.లు ఎన్నో ఉన్నాయి. ఒకప్పుడు చెత్త అనుకున్నారు గానీ, ఆ పొరలో ఏ జన్యువు పని ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు సాగాలో చూసేవాటిలో అవీ ఉన్నాయి.

"మా కాలవ లస్కరులాగన్నమాట. సెంటు భూమి దున్నడు, తూము మాత్రం ఆయన చేతిలోనే" అన్నాడాయన. రెండేళ్లుగా నేనింత తేలిగ్గా ఎవరికీ చెప్పలేకపోయాను.

బందరులో ఇడ్లీ తిని ఎనిమిదింటికి అవనిగడ్డ బస్సు, అక్కణ్ణుంచి నాగాయలంక బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టిక్కెట్టు ఖర్చు లేదు. పదిన్నరకి పోతురాజు ఇల్లు చేరాను. చేపల వేటకెళ్లే మనిషి, గుండె నాళాల్లో అడ్డంకి. మందులు ఆ రాత్రి నుంచే మొదలు. మందు పడకముందు రక్తం నాకు కావాలి. మందు ఆపమనడం తగదు కాబట్టి, ఆ రోజు తప్పితే మళ్లీ దొరకదు.

ఆయన రక్తం తీశాక, పోల్చి చూడటానికి ఆయన అక్క, చేపలమ్మే నాగమణినీ అడిగాను. "నాకే జబ్బూ లేదండీ, నన్నొదిలెయ్యండి" అంది.

తిరుగు బస్సులో ఆమె చేపల పెట్టెతో నా పక్కనే కూర్చుంది. గాలికి నాకు కునుకు పట్టింది. అవనిగడ్డలో లేచి మూత తీస్తే, గొట్టాల్లో రక్తం చలికి ఐసులా బిగుసుకుపోయి రాయిలా ఉంది.

"మీ ఐసు కరిగిపోతందండీ. మా ఐసు వేసి ఉప్పు కలిపాను, చల్లదనం బాగా పడుద్దని" అంది నాగమణి.

చేపలకదే పద్ధతి. రక్తం అలా ఐసైపోతే మాత్రం ఎర్రకణాలు పగిలి వాటి ఆర్.ఎన్.ఏ. అంతా కలిసిపోతుంది. ఇక అది నాకు పనికిరాదు. ఒళ్లు మండిపోయింది. "మిమ్మల్నెవరు వెయ్యమన్నారు?" అన్నాను.

"తమ్ముడి రక్తం కదండీ. పాడవకూడదనే" అంది.

నిద్రపోయింది నేను. జరిగింది చెప్పేసరికి ఆమె చేపల పెట్టె తోటి అమ్మకందారుకి అప్పగించి, "పదండి, మందేసుకునేది రాత్రికే కదా" అంటూ నాగాయలంక బస్సు వైపు నడిచింది.

ఒంటిగంటకి పోతురాజు రక్తం మళ్లీ తీశాను. ఆయన లేవగానే ఆ కుర్చీలో నాగమణి కూర్చుని చెయ్యి చాపింది.

"ఆడికొచ్చింది నాకూ ఉందని తేలితే ఎలాగని భయపడ్డానండీ. మీరు చెప్పగలరా?"

"మా పరీక్ష ఇంకా అంతదాకా రాలేదక్కా. బీపీ, షుగరు మాత్రం ఈ వారమే చూపించుకో."

తలూపి, చెయ్యి అలాగే ఉంచింది.

నాలుగింటికి బందరులో రైలెక్కాను. ఈసారి నిద్రపోలేదు. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే. అయినా ఏది ఎవరిదో నాకు తెలుసు. నాగమణి గొట్టంలో తమ్ముడి జబ్బు జాడ కనిపించకూడదని కోరుకున్నాను. పరిశోధన చేసే మనిషి అలా కోరుకోకూడదు. గుడివాడ వచ్చేదాకా కోరుకుంటూనే ఉన్నాను.