ఈశ్వరప్ప విరుపు

గార్లదిన్నె బస్టాండు వెనక సందులో ఇమాంసాబ్ మైకు సెట్టు దుకాణం ఉండేది. రెండు ఆంప్లిఫయర్లు, నాలుగు హారన్లు, కొన్ని మైకులు, చుట్టలు చుట్టి మేకులకు తగిలించిన వైరు, దుకాణమంతా అంతే. పెళ్లికైనా, పీర్ల పండుగకైనా, ఎన్నికల సభకైనా అక్కడి నుంచే సామాను వెళ్లేది. వాటికి పనివాణ్ణి పంపి ఇమాంసాబ్ దుకాణంలోనే ఉండేవాడు. పద్యనాటకాలకు మాత్రం తానే వెళ్లి ఆంప్లిఫయర్ పక్కన కూర్చునేవాడు. ఈశ్వరప్ప వేషం కట్టే నాటకమైతే జ్వరంతో ఉన్నా మానలేదు.

ఈశ్వరప్పది బెళుగుప్ప. పంట వచ్చిన కాలంలో వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులో పని, ఎండాకాలంలో నాటకాలు. ఎండిన చెరువు కట్ట మీద నిలబడి వానదేవుణ్ణి వేడుకునే రాజు వేషం ఆయనకు పేరు తెచ్చింది. ఆ రాజు పాడే ఆఖరి పద్యంలో ఆఖరి మాట 'కరుణింపవే'. దాని మీద ఆయన తీసే రాగం వినడానికి శింగనమల నుంచి కూడా జనం లారీలెక్కి వచ్చేవారు.

తొంభై ఎనిమిది ప్రాంతంలో ఆ మాట దగ్గర ఒక మార్పు వచ్చింది. 'కరు' అని ఈశ్వరప్ప ఆగేవాడు. తల వంచి, ఎడమ చేయి రొమ్ము మీద ఉంచి, కొద్దిసేపు మౌనంగా నిలబడేవాడు. ఆ తర్వాతే 'ణింపవే' అని అందుకునేవాడు. ఆ మౌనానికి జనం కదిలిపోయారు. మాట అందుకోగానే ఈలలు వేశారు. దానికి 'ఈశ్వరప్ప విరుపు' అని పేరు పెట్టినవాడు ఇమాంసాబే. పద్యాన్ని పాదాల మధ్య విరిచేవారు చాలామంది ఉన్నారని, మాట నడుమ విరిచి మళ్లీ అతికించగలిగినవాడు ఈయన ఒక్కడేనని టీ అంగట్లో వివరించేవాడు. కొన్నాళ్లకు ఆ చుట్టుపక్కల రాజు వేషం కట్టే కుర్రవాళ్లందరూ ఆ మాటను అక్కడే విరవసాగారు.

'వన్స్‌మోర్' అని ఒకరు అరిస్తే పద్యం మొదటి నుంచి మళ్లీ పాడాలన్నది అక్కడి ఆనవాయితీ. పాడకపోతే నటుడికి పొగరెక్కిందంటారు. ఈశ్వరప్ప పద్యానికి ఆ కేక ఎప్పుడూ ఆంప్లిఫయర్ పక్క నుంచే మొదలయ్యేది. విరుపుకు కాస్త ముందు ఇమాంసాబ్ వాల్యూం పిడిని ఒక గీత పెంచేవాడు. మౌనంలోని ఊపిరి కూడా వెనక గోనెసంచుల మీద కూర్చున్నవాళ్లకు చేరాలని అతని ఉద్దేశం.

అలా పెంచినప్పుడే హారన్లలో సన్నని గరగర వినబడేది. మైకు చెడిపోయిందనుకుని అతను ఈశ్వరప్పకు క్షమాపణగా చెప్పుకున్నాడు.

"అన్నా, ఈ మైకులో ఏమో గరగరమంటాండాది. కొత్తది తెస్తాలే."

"తేప్పా" అని ఈశ్వరప్ప నవ్వాడు.

అనంతపురం వెళ్లి కొత్త మైకు తెచ్చాడు. గరగర పోలేదు. వైరు మార్చాడు, అప్పటికీ పోలేదు. వేరే నటులు పాడితే మాత్రం అదే మైకు శుభ్రంగా పలికేది. ఈశ్వరప్ప మైకుకు మరీ దగ్గరగా నిలబడతాడని సమాధానపడి, పాత మైకును గుడ్డలో చుట్టి అటక మీద పడేశాడు.

ఈశ్వరప్ప రెండు వేల మూడులో, విత్తనం పడని ఒక ఆషాఢంలో చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన అభిమానులు గార్లదిన్నె బడి మైదానంలో ఒక సాయంత్రం సంస్మరణ గానసభ పెట్టారు. పెద్దరికం బస్సు కండక్టరు కుళ్లాయప్పది. మైకు సెట్టుకు బాడుగ మాట ఎత్తవద్దని ఇమాంసాబ్ ముందే చెప్పాడు. ఈశ్వరప్పను తనంత లోతుగా విన్నవాడు మరొకడు లేడన్నది అతనికి మిగిలిన ఏకైక గర్వం. ఆ సభలో దాన్ని నలుగురి ఎదుటా చూసుకోవాలని అతని ఆశ.

ఫోటోకు దండ వేశారు. తిప్పయ్య హార్మోనియం అందుకున్నాడు. కుర్ర నటులు ఒకరి తర్వాత ఒకరు ఆ పద్యమే పాడారు. అందరూ 'కరు' దగ్గర ఆగారు, తల వంచారు, రొమ్ము మీద చేయి పెట్టుకున్నారు. ప్రతిసారీ ఈలలు వచ్చాయి. ముందు వరుసలో ఒక ముసలాయన కళ్లు తుడుచుకుని, మనిషి తిరిగొచ్చినట్టే ఉందని పక్కవాడితో అన్నాడు.

చివర ఈశ్వరప్ప కూతురు జయంతి వేదిక ఎక్కింది. బెళుగుప్పలో అంగన్‌వాడీ కార్యకర్త. అంతకు ముందు ఏ సభలోనూ పాడలేదు. గొంతు తండ్రిదే, కొంచెం సన్నం. ఆఖరి మాట వస్తోందనగా ఇమాంసాబ్ పిడి పెంచాడు. ఆమె ఆగలేదు. 'కరుణింపవే' ఒకే ఊపిరిలో నిండుగా వచ్చింది. మౌనం కోసం పెంచిన శబ్దంలోకి గొంతు ఒక్కసారిగా పడేసరికి హారన్లు కీచుమన్నాయి. జనం నవ్వారు.

"ఏమ్మా, మీ నాయన పద్యం నువ్వే మర్చిపోతివా?" అని కుళ్లాయప్ప కూర్చున్నచోటి నుంచే అడిగాడు. వెనక నుంచి ఎవరో, చదువుకున్న పిల్లకు విరుపు యాడ తెలుస్తాదప్పా అన్నారు.

ప్రకటనల కోసం ఉంచిన మైకు ఇమాంసాబ్ చేతికి దగ్గరగా ఉంది. అతను దాన్ని అందుకున్నాడు. మాట నాలుగు హారన్ల లోంచి ఊరంతటికీ వినిపించింది.

"అమ్మా జయంతీ, ఆడ విరుపు ఉండాదమ్మా. మీ నాయన మాదిరి పాడు. వన్స్‌మోర్."

చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా జయంతి మైకు ముందు అలాగే నిలబడింది.

"అది విరుపు కాదు మామా, ఆయాసం" అంది. "మిల్లు దుమ్ముకు రొమ్ము పట్టేసి, ఆ మాట సగానికే నాయనకు ఊపిరి చాలకపోతాండె. సిగ్గుతో తల వంచుకుంటాండె. మీరు ఈలలేస్తిరి. వన్స్‌మోర్ అంటిరి. మళ్లా పాడుతాండె. ఇంట్లో పొద్దున్నే ఆ మాటొక్కటే పాడి చూసుకుంటాండె, ఒక్క తూరన్నా తెగకుండా రావల్లని. నేను నేర్చుకునింది ఆడనే." మైకును దగ్గరికి లాక్కుని, "వన్స్‌మోర్ అన్న్యారు కదా, పాడతా" అంది.

పాడింది. మాట ఈసారీ తెగలేదు. ఈల లేదు, చప్పట్లు లేవు. ఇందాక రొమ్ము మీద చేయి పెట్టుకుని పాడిన కుర్రవాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు. కుళ్లాయప్ప తువ్వాలును మడిచిందే మళ్లీ మడిచాడు. కళ్లు తుడుచుకున్న ముసలాయన మెల్లగా లేచి, ఎవరినీ చూడకుండా వెళ్లిపోయాడు.

ఇమాంసాబ్ చేయి పిడి మీదే ఉంది. అదే మైకు, మరొక గొంతు, శబ్దం శుభ్రం. ఆ పరీక్ష అతను ఎన్నోసార్లు చేశాడు, ఫలితం ఎన్నోసార్లు విన్నాడు. దాని అర్థం ఒక్కటే, గరగర మైకులోది కాదు, దాని ముందు నిలబడిన మనిషిలోది. వెనక కూర్చున్నవాళ్లు దూరం నుంచి విన్నారు. అతను ఆ రొమ్ములోని గరగరను అందరికన్నా దగ్గరగా విని, ఎక్కువ చేసి ఊరికి వినిపించాడు.

సభ ముగిశాక వైరు చుడుతుండగా జయంతి సెలవు చెప్పడానికి వచ్చింది. ఇమాంసాబ్ తల ఎత్తలేదు.

"యాల చెప్పలేదమ్మా మీ నాయన?"

"చెప్తే నాటకానికి పిలుస్తాంటిరా మామా?"

అతను వైరు ఇంకో చుట్టు చుట్టాడు. ఆమె వెళ్లబోతూ ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది.

"కొత్త మైకు తెచ్చినావంట కదా. 'పాపం ఇమాం, వైర్లు గూడా మారుస్తాండాడు పాపా' అని నాయన ఇంట్లో చెప్తాండె."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది.

మరునాడు ఇమాంసాబ్ అటక మీది పాత మైకు దించాడు. గుడ్డ విప్పి, దుమ్ము ఊది, ఆంప్లిఫయర్‌కు తగిలించి, పిడిని విరుపు దగ్గర పెంచే గీత దాకా తిప్పాడు. 'హలో' అన్నాడు. దుకాణంలో అతని గొంతు ఏ మచ్చా లేకుండా వినిపించింది. మళ్లీ 'హలో' అని, వెంటనే స్విచ్చి ఆపేశాడు.

ఆ వారంలోనే కుళ్లాయప్ప దుకాణానికి వచ్చాడు. శింగనమలలో నాటకం ఒప్పుకున్నారని, రాజు వేషం కట్టే కుర్రవాడు విరుపుతోనే పాడతానంటున్నాడని చెప్పాడు. ఆ పాప చెప్పింది నిజమే కావచ్చు గానీ, విరుపు లేకుంటే పద్యం చప్పగా ఉంటుందని, జనం ఈల వేయడానికి చోటే ఉండదని గొణిగాడు. కుళ్లాయప్ప చూపు బల్ల మీది మైకు మీద పడింది.

"పాతదే కదన్నా ఇది? బాగు చేసినావా?"

"అది యాడ చెడిపోయిందప్పా" అన్నాడు ఇమాంసాబ్.

శింగనమల నాటకానికి అతను పనివాణ్ణి పంపాడు.