జీడినూనె పూసిన పీట

నడుస్తున్న కారులో లాప్‌టాప్‌ను దేనిమీద నిలపాలి? టెక్కలిలో డిగ్రీ చదివిన మూడేళ్లూ మరణశిక్ష గురించి, ప్రపంచీకరణ గురించి డిబేట్ పోటీల్లో వాదించినదాన్ని, బతుకుతెరువు ఇంత చిన్న ప్రశ్నమీద ఆధారపడే రోజొకటి వస్తుందని ఊహించలేదు.

రెండువేల దశకం నడిమి సంవత్సరాల్లో, చదువు ముగిసీ ముగియగానే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో తాగునీటి సర్వే చేసే ఉద్యోగం దొరికింది. ఇంటింటికీ వెళ్లి ఏ నూతి నీళ్లు తాగుతున్నారో, ఎంతకాలంగా తాగుతున్నారో అడిగి కాగితం మీద రాసుకోవాలి. ఆ జవాబులను ఆ రోజే కంప్యూటరులోకి ఎక్కించాలి. సంస్థవారు ఇచ్చిన లాప్‌టాప్‌లో బ్యాటరీ ఎప్పుడో నీరసించింది. కారులో సిగరెట్ లైటరు ఉండే చోట వైరు తగిలిస్తే తప్ప అది మేలుకొనేది కాదు. ఆ కారు పలాసలో అద్దెకు తిప్పే మా మేనమామది. సర్వే నడిచినన్నాళ్లూ సంస్థే దాన్ని మాట్లాడుకుంది. బండి నిలబెట్టి ఇంజను ఆడించడం మావయ్య దృష్టిలో అన్నం పారబొయ్యడంతో సమానం. కాబట్టి ఒక ఊరు దాటి మరో ఊరు చేరేలోపల, బండి నడుస్తుండగానే నేను టైపు చేయాలి.

ఒళ్లో పెట్టుకొని అలాగే చేసేదాన్ని. ఒకరోజు వజ్రపుకొత్తూరు దారిలో జీడితోటలోంచి గేదె అడ్డం వచ్చింది. మావయ్య బ్రేకు వేశాడు. గేదె క్షేమంగా దాటింది, లాప్‌టాప్ నా కాళ్లమీద పడి ఒక మూల పగిలింది.

సర్వేను విశాఖపట్నం నుంచి పర్యవేక్షించే మేడం ఈ సంగతి విని కోపగించుకోలేదు. అంతకంటే ప్రమాదకరంగా, న్యాయమైన మాట అన్నారు. శుక్రవారం తానే వచ్చి మాతో ప్రయాణం చేస్తారు. కదిలే బండిలో పని భద్రంగా సాగుతుందని కంటితో చూస్తే సరే. లేదంటే కాగితాలన్నీ విశాఖకు పంపించేయాలి, అక్కడివాళ్లు టైపు చేస్తారు, నా అవసరం తీరిపోతుంది.

జీతం పోతుందన్న బెంగ ఉన్నమాట నిజమే. దానికంటే పెద్ద బెంగ మరొకటి ఉండేది. టైపు చేసేటప్పుడే జవాబుల్లోని పొంతనలేనితనం బయటపడేది. ఒకే ఇంట్లో అత్తగారు ఇంటి నూతి నీళ్లంటే, కోడలు తోటలో బోరు నీళ్లనేది. వెంటనే వెళ్లి మళ్లీ అడిగితే, ఒకరిది పోయినేడాది మాట, మరొకరిది ఈ ఏడాది మాట అని తేలేది. విశాఖలో కూర్చున్న మనిషికి ఆ సందేహం వచ్చినా, ఎవరిని అడుగుతారు?

డిబేట్ అలవాటు కొద్దీ ముందుగా స్థిరత్వం అంటే ఏమిటో నిర్వచించడానికి కూర్చున్నాను.

"కదలనిదే స్థిరం. దానికింత సదువెందుకే?" అన్నాడు మావయ్య.

అది సరిపోదని వాదించాను. కారు ఎటు ఊగితే అదీ అటే ఊగాలి, కారులోపల మాత్రం దాని చోటు మారకూడదు. అవసరమైనప్పుడు చేతికి సులువుగా రావాలి కూడా. మావయ్య అద్దంలోంచి నన్ను జాలిగా చూసి, నన్ను చేసుకోబోయేవాడికి ఓపిక పుష్కలంగా ఉండాలని దేవుణ్ణి కోరాడు.

మొదట బూరుగుదూది దిండు ప్రయత్నించాను. మెత్తగా, హాయిగానే ఉంది గానీ కిందనుంచి గాలి ఆడక యంత్రం ఇస్త్రీపెట్టెలా కాగింది. తరువాత విశాఖ నుంచి, అద్దానికి రబ్బరుగిన్నెతో అంటుకొని నిలిచే స్టాండు ఒకటి తెప్పించాను. ఉప్పుగాలికీ దుమ్ముకూ దాని పట్టు కాశీబుగ్గ దాటకముందే సడలింది. ఖాళీదాన్నే బిగించి చూశాం కాబట్టి నష్టమేమీ జరగలేదు. ఇక మిగిలింది నేలకు బిగించే ఇనుప స్టాండు. దానికి కారు అడుగున రంధ్రాలు వేయాలి.

"పూజ సేయించిన బండికి బొక్కలెట్టనిత్తానేటి? ముందు నాకెట్టు," అన్నాడు మావయ్య.

ఆ అభ్యంతరాన్ని గౌరవిస్తూనే దారి వెతికాను. ముందుసీటును నేలకు పట్టి ఉంచే బోల్టులు ఎలాగూ ఉన్నాయి. వాటిని విప్పి, కింద రెండు ఇనుపపట్టీలు దూర్చి, అవే బోల్టులు మళ్లీ బిగిస్తే కొత్త రంధ్రం అక్కరలేదు. పట్టీలు సీటు వెనకనుంచి పైకి లేచి, వెనక కూర్చున్న నా ముందుకు వంగుతాయి. వాటిమీద నాలుగువైపులా అంచు ఉన్న చెక్కపీట. మావయ్య కాసేపు గడ్డం గోక్కొని, ఈ వాదనలో తనకు లోపం కనబడలేదన్నాడు. పైగా జలంత్రకోటలో తన తోటలోని పనసచెక్క తానే తెచ్చి, పీట చేయించాడు.

పీటమీద నీళ్లగ్లాసు పెట్టుకొని కోటబొమ్మాళి దాకా హైవే మీద నడిపాం. చుక్క ఒలకలేదు. మావయ్య విజయం ప్రకటించాడు. నేను ఒప్పుకోలేదు. అద్దంలాంటి రోడ్డుమీద గ్లాసు నిలవడం రోడ్డు గొప్పతనమే అవుతుంది. ఉద్దానం గతుకుల్లోకి తిప్పించాను. అక్కడ, అనుకున్నట్టే, అంచుల మధ్య గ్లాసు బంతిలా దొర్లి నన్ను తడిపేసింది. లాప్‌టాప్ మీదుగా పోయేలా సైకిలు ట్యూబు పట్టీలు రెండు కట్టాలని నిర్ణయించి, గురువారం సాయంత్రానికి వాటికి కొక్కేలు కూడా పెట్టించాను.

శుక్రవారం పొద్దున్న మేడం నా పక్కన కూర్చున్నారు. ఆమె కాగితం చూసి చదువుతున్నారు, నేను టైపు చేస్తున్నాను. పలాస దాటి తోటల్లోకి వచ్చాక గతుకులు మొదలయ్యాయి. మేం ముగ్గురం ఎగిరి పడుతున్నాం గానీ, లాప్‌టాప్ ఇసుమంతైనా చలించలేదు. మేడం ముఖంలో మెప్పు కనబడింది. ఇంత బాగా నిలవడం నాకే వింతగా తోచింది.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో ఆగాం. లాప్‌టాప్‌ను అరుగుమీదికి తీసుకురమ్మని మేడం అన్నారు. రబ్బరు పట్టీలు తప్పించి ఎత్తాను. రాలేదు. గట్టిగా లాగితే, పీట ముందుసీటుతో సహా కిర్రుమంది. నా వేళ్లు నల్లగా, జిగటగా మారి చురుక్కుమంటున్నాయి. వాసన చూడగానే అర్థమైంది.

"ఏటి రాసావు మావా దీనికి?"

"జీడినూనె. రేత్రి రెండు పూతలు ఏసి గుడ్డెట్టి తుడిసాను. సెద పట్టదు, ఉప్పుగాలికి సెడదు."

"కారులోకి సెదలొత్తాయేటి?"

"ఏటో తల్లీ. కర్రన్నాక రాయాల."

జీడిపిక్కల తొక్కలోంచి వచ్చే ఆ నల్లటి నూనెను మావైపు పడవ అడుగులకూ, ఇంటి వాసాలకూ పూస్తారు. ఆరడానికి రోజులు పడతాయి, తగిలిన చర్మం పొక్కుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి ఏ కర్రనూ పూత లేకుండా వదలని మనిషికి, ఈ పీట బట్టలు లేని బిడ్డలా కనబడి ఉంటుంది.

మేడంకు మా మాటలు పూర్తిగా అందలేదు. ఏదో తాళం ఏర్పాటు చేశామనుకొని, ఎక్కడ నొక్కాలని అడిగారు. అవునని తల ఊపితే పని గడిచిపోయేదే. కానీ నిలిచింది మా పీట గుణం వల్ల కాదని తెలిశాక, ఆ మెప్పును ఎలా తీసుకోను?

"మేడం, ఇంతసేపూ ఇది కదలనిది అంటుకుపోవడం వల్ల. ఈ పరీక్ష చెల్లదు," అన్నాను.

మావయ్య తల పట్టుకున్నాడు. "గెలిసిన కేసు మళ్లీ కోర్టుకేత్తావేటే పిల్లా."

"మరి ఏ పరీక్ష చెల్లుతుంది?" అన్నారు మేడం. ఆమె గొంతులో నవ్వు లేదు.

"దీన్ని ఊడదీసి, రబ్బరు పట్టీలు మాత్రమే కట్టి, వచ్చిన దారినే వెనక్కి వెళదాం. మీరు చదవండి, నేను టైపు చేస్తాను."

ఊడదీయడానికి ఊరంతా పూనుకుంది. కిరసనాయిలన్నారొకరు, వేడినీళ్లన్నారొకరు. చివరికి వల దారం ఒకటి లాప్‌టాప్ కిందికి దూర్చి, చెరో కొసా పట్టుకొని మావయ్యా నేనూ రంపంలా లాగాం. ఊడింది. ఒక ఇల్లాలు కొబ్బరినూనెతో దాని అడుగు తుడిచి, నా వేళ్లకూ రాసింది. మావయ్య తన కాళ్లకింది రబ్బరు చాపను కోసి, పీటమీద పరిచి మేకులు కొట్టాడు. ముందురోజే కొన్న చాప అది.

తిరుగుప్రయాణంలో ఒక పెద్ద గోతిలో లాప్‌టాప్ బొటనవేలెత్తు లేచి, పట్టీల బలంతో తిరిగి తన చోటనే కూర్చుంది.

"కదిలింది," అన్నారు మేడం.

"కదిలింది. పడలేదు," అన్నాను.

ఆమె తరువాతి ఇంటివాళ్ల వివరాలు చదవసాగారు. పలాస వచ్చాక, నేను టైపు చేసినదాన్ని కాగితాలతో పోల్చి చూశారు. పట్టీలను రెండుసార్లు లాగి చూశారు. సోంపేట వైపు సర్వేకు తిరిగే రెండో కారుకూ ఇలాంటిదే ఒకటి చేయించమన్నారు, జీడినూనె మాత్రం వద్దన్నారు.

మావయ్య నొచ్చుకున్నాడు. "నూనె రాయకపోతే నాలుగేళ్లకి పుచ్చిపోద్దండి మేడంగారూ."

"సర్వే వచ్చే వేసవికి అయిపోతుందండీ," అన్నారామె, ఈసారి నవ్వుతూ.

సోమవారం పొద్దున్న మళ్లీ బయలుదేరాం. నా వేళ్ల కొసల్లో చర్మం ఉల్లిపొరలా లేస్తోంది. అయినా హరిపురం దాటకముందే మొదటి ఇంటి జవాబులు టైపు చేయడం పూర్తయింది.